మూట మొయ్యని సైకిలు

మన మొరసునాట సైకిలు అంటే మొదటినుంచీ పనిముట్టే. ఎద్దుల బండి పోలేని దారిలో సైకిలు పోయేది. పాలక్యాను, ఆకుకూరల గంప, రాగిమూట, పట్టుగూళ్ల సంచి, ఆసుపత్రికి పోవాల్సిన మనిషి, అన్నీ దానిమీదే. డెంకణికోట నుంచి హోసూరు సంతకు, సూళగిరి నుంచి కృష్ణగిరికి తొక్కినోళ్లు ప్రతి ఇంట్లోనూ ఉండినారు. మన తాత సైకిలు కూడా అట్లాంటిదే. 28 అంగుళాల చక్రాలు, నల్లరంగు, వెనక ఇనుప క్యారియరు. దాని కత మన ఇంట్లో అందరికీ తెలుసు. ఈసారి నేను రాసేది ఎవరూ పట్టించుకోని ఇంకో సైకిలు గురించి. అటకమీద ఉండిన 20 అంగుళాల చిన్న సైకిలు అది. ఇప్పుడు దాన్ని నేను తొక్కుతా ఉండాను.

ముందు తాత సైకిలు ఎక్కడ పుట్టిందో చూస్తాం. 1949లో మద్రాసు పక్కన అంబత్తూరులో మురుగప్ప కుటుంబం, ఇంగ్లండు ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ కంపెనీ కలిసి టీఐ సైకిల్స్ పెట్టినారు. 1951లో అక్కడినుంచి హెర్క్యులిస్ సైకిళ్లు బయటికి వచ్చినాయి. అంతకుముందు మంచి సైకిలు కావాలంటే సీమ సరుకే. ఆ పదేండ్లలోనే సోనీపత్‌లో అట్లాస్, అసన్‌సోల్‌లో సెన్-ర్యాలీ, లూధియానాలో హీరో కూడా మొదలైనాయి. 1956లో రాష్ట్రాల హద్దులు గీసినప్పుడు హోసూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. మన ఇంట్లో మాట తెలుగు, బడి కొందరికి కన్నడం, కొందరికి తమిళం, సంత బెంగళూరులో, సైకిలు మాత్రం అంబత్తూరుది.

ఆ పెద్ద సైకిలు మీద పిల్లోళ్లు సీటు ఎక్కితే కాళ్లు అందవు. అడ్డకమ్మి కింద కాలు దూర్చి, ఒక పక్కకు వంగి తొక్కాల. తమిళంలో దీన్ని కురంగు పెడల్ అంటారు, అంటే కోతి తొక్కుడు. నేను చదివింది కన్నడ మీడియంలో అయినా ఈ మాట అందరం అనేవాళ్లం. నేర్చుకునేది కూడా ఆట కోసం కాదు. నేర్చుకున్న మర్నాటినుంచే పాలు పోసి రాను, పిండి మర ఆడించుకు రాను పంపేవాళ్లు. తరువాత తమిళనాడు ప్రభుత్వం ప్లస్ వన్ పిల్లలకు ఉచితంగా సైకిళ్లు ఇచ్చింది. అక్కకు ఒకటి వచ్చింది. ఆడపిల్లలు చదువు మానకుండా ఉండేదానికి ఆ సైకిళ్లు చానా సాయం చేసినాయి. అయినా అదీ పనికోసం ఇచ్చిన సైకిలే, బడికి పోయేదానికి.

మధ్యలో ఊరు మారిపోయింది. 1970ల్లో సిప్‌కాట్ వచ్చింది. 1980లో హోసూరులో అశోక్ లేలాండ్ ప్లాంటు మొదలైంది. అదే ఏడు ఇక్కడినుంచే టీవీఎస్ 50 వచ్చింది, ఇద్దరు కూర్చోగలిగే మన దేశం మొదటి మోపెడ్ అది. 1980ల చివరికి టైటాన్ గడియారాలు. సైకిలు మోసిన మూటలన్నీ కొంచెం కొంచెంగా మోపెడ్ మీదికి ఎక్కినాయి. నాయన టీవీఎస్ 50 కొన్నాక తాత సైకిలు గోడకు ఆనింది. చిన్నాయన సేద్యం ఒదిలి ఫ్యాక్టరీలో చేరినాడు. మన వంశంలో నెల జీతం తీసుకున్న మొదటి మనిషి ఆయనే.

ఆ జీతంలో ఆయన 1994లో బెంగళూరునుంచి ఈ చిన్న సైకిలు తెచ్చినాడు. నాకు అప్పుడు ఏడేండ్లు. ఎత్తుగా లేచిన హ్యాండిల్ బారు, దానికి అడ్డంగా ఇంకో కమ్మి, కమ్మికి స్పాంజి తొడుగు, గళ్లు గళ్లుగా ఉన్న లావు టైర్లు. తాత దాన్ని చుట్టూ తిరిగి చూసి, “ఏమిరా ఇది? క్యారియరు లేదు, మడ్గార్డు లేదు, స్టాండు లేదు. దీనిమీద ఏం మోసేకి అయితుంది?” అని అడిగినాడు. చిన్నాయన, “ఏమీ లేదు నాయినా, పిల్లోళ్లు ఆడుకునేకి” అన్నాడు. మన ఇంటి చరిత్రలో నాకు ముఖ్యమైన మాట అదే. ఏమీ మొయ్యనక్కరలేని బండి మన గడపలోకి రావడం అదే మొదలు.

ఆ ఆకారం ఎక్కడినుంచి వచ్చిందో వెనక్కి పోయి చూస్తే అమెరికా తేలుతుంది. 1963లో షికాగోలోని ష్విన్ కంపెనీ స్టింగ్-రే అనే సైకిలు తెచ్చింది. 20 అంగుళాల చక్రాలు, అరటిపండు మాదిరి పొడుగు సీటు, ఎత్తు హ్యాండిల్. 1970 ప్రాంతంలో దక్షిణ కాలిఫోర్నియా పిల్లోళ్లు ఈ సైకిళ్లతో మట్టి దిబ్బలమీద ఎగిరి దూకడం మొదలుపెట్టినారు. పెద్దోళ్లు మోటారుసైకిళ్లమీద ఆడే మోటోక్రాస్ పందెం చూసి వాళ్లు చేసిన నకలు అది. 1971లో వచ్చిన ఆన్ ఎనీ సండే అనే సినిమా మొదట్లోనే ఈ పిల్లోళ్లు కనిపిస్తారు. బైసికిల్ మోటోక్రాస్ అనే పేరు కుదించి బీఎమ్‌ఎక్స్ అన్నారు. 1974లో మంగూస్ కంపెనీ స్పోకులు లేని పోతపోసిన చక్రాలు అమ్మింది. 1982లో ఈ.టీ. సినిమాలో పిల్లోళ్లు తొక్కింది జపాన్ కువహారా సైకిళ్లు. అదే ఏడు అమెరికాలోని డేటన్‌లో మొదటి ప్రపంచ పోటీలు జరిగినాయి.

1982లోనే ఇంగ్లండులో ర్యాలీ కంపెనీ బర్నర్ అనే బీఎమ్‌ఎక్స్ తెచ్చింది. ఆ దేశంలో ఒక తరం పిల్లోళ్లంతా దానిమీదే పెరిగినారు. ర్యాలీ 1960నుంచి ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ చేతిలో ఉండింది, అంబత్తూరు ఫ్యాక్టరీలో భాగస్తులైన అదే కంపెనీ. అంటే తాత మూటలు మోసిన హెర్క్యులిస్, నాటింగ్‌హామ్ పిల్లోళ్ల బర్నర్ దాయాదులే.

ఇంకో చుట్టరికం మన ఊర్లోనే ఉంది. టీవీఎస్ వాళ్లు 1982లో రేసింగ్ జట్టు పెట్టినారు. మన దేశంలో మట్టిదారి మోటారుసైకిలు పందాల్లో ఆ జట్టు పేరు గట్టిగా నిలబడింది. ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు ఆ పందాల మాటలు ఇంటికి తెచ్చేవాళ్లు, చిన్నాయన కూడా. మేము చెరువు గట్టుమీద, ఇటుకల బట్టీ దిబ్బలమీద ఆ బండ్ల మాదిరి నోటితో శబ్దం చేస్తా దూకేవాళ్లం. కాలిఫోర్నియా పిల్లోళ్ల సంగతి మాకెవరికీ తెలియదు. మోటారుసైకిళ్లు తయారయ్యే ఊర్లో పుట్టినాం కాబట్టి ఆ ఆట మాకూ వచ్చింది.

ఇప్పుడు నాకు ముప్పై దాటింది, పగలంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఈ సైకిలు తొక్కుతా పోతే వీధిలో “పిల్లోళ్ల సైకిలు నీకేలప్పా?” అంటారు. నా జవాబు ఇది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో బీఎమ్‌ఎక్స్ రేసు చేరింది. ఆడోళ్లలో బంగారు పతకం గెలిచిన ఫ్రాన్సు దేశపు ఆన్-కరోలిన్ షోసోన్‌కు అప్పుడు 30 ఏండ్లు. మగోళ్లలో గెలిచిన లాట్వియా దేశపు మారిస్ స్ట్రోంబెర్గ్స్ 2012లో మళ్లీ గెలిచినాడు. ఇద్దరూ తొక్కింది 20 అంగుళాల చక్రాలే.

కానీ పెద్దోళ్లు దీన్ని తాత సైకిలు మాదిరి తొక్కితే మోకాళ్లు పోతాయి. లెక్క చూడండి. నా సైకిలుకు ముందు 44 పళ్లు, వెనక 16. పెడలు ఒక చుట్టు తిప్పితే సుమారు నాలుగుంపావు మీటర్లు పోతుంది. తాత సైకిలుకు 44, 18. కానీ చక్రం పెద్దది కాబట్టి ఒక చుట్టుకు అయిదున్నర మీటర్ల దగ్గరికి వస్తుంది. కిలోమీటరుకు అది 185 చుట్లు అయితే ఇది 235. కాబట్టి దీనిమీద దూరాలు పోను. కూర్చొని తొక్కేది కాదు, నిలబడి తొక్కేది. నాలుగు తొక్కులకే పరుగందుకుంటుంది, చేయెడు జాగాలో తిరుగుతుంది. ఆదివారం పొద్దున రామనాయకన్ చెరువు పక్క ఒక గంట. కృష్ణగిరి అత్తోళ్లింటికి పోయినప్పుడు కారు డిక్కీలో వేసుకొని పోయి డ్యాము దగ్గర తొక్కుతాను.

ఇట్లాంటి సైకిలు మీ ఇంట్లోనూ ఉంటే బాగుచేసే ముందు మూడు సంగతులు చూసుకోండి. ఒకటి, టైరు. 20 × 1.75 అని చుక్క పెట్టి రాసిన టైరు రిమ్ము 406 మిల్లీమీటర్లు. 20 × 1¾ అని భిన్నంలో రాసింది 419. లెక్కలో రెండూ ఒకటే, రిమ్ముకు మాత్రం ఒకటి ఎక్కితే ఇంకోటి ఎక్కదు. పాత టైరు పక్కన రాసింది చూసుకోకుండా అంగడికి పోవద్దు. రెండు, సీటు కింద గొట్టం. పెద్దోళ్లకని పైకి లాగితే లోపల ఉండాల్సినంత ఉండదు, బరువుకు విరుగుతుంది. పొడుగు గొట్టం కొత్తది వేయించండి. మూడు, హ్యాండిల్ దగ్గర ఫ్రేము అతుకులు. అక్కడ రంగు వెంట్రుకవాసి చీలినా గీకి చూడండి. తుప్పు పైన ఉంటే పరవాలేదు, అతుకు చీలితే దూకుళ్లు మానుకోండి.

ఇదంతా ఇప్పుడు రాసేదానికి కారణం మీకు తెలిసిందే. పాత ఇల్లు పంపకానికి వచ్చింది. అటకమీది సామాన్ల జాబితా అందరికీ చేరింది. అందులో తాత సైకిలు మాకు కావాలంటే మాకు కావాలని నలుగురు రాసినారు, గోడకు తగిలించుకునేదానికి. చిన్న సైకిలు పేరు పాత ఇనుము కింద ఉంది, కిలోల లెక్కన. అందుకే దాన్ని నేను ముందే దించుకున్నాను.

తాత సైకిలు మన కష్టం చెబుతుంది, దాన్ని ఎవరూ కాదనరు. కానీ ఆ కష్టం ఎందుకు పడినారో చెప్పేది ఈ చిన్నదే. మూడు తరాలు మూటలు మోసినాక, ఒక కొడుకు చేతిలో నెల జీతం నిలిచి, ఇంటి పిల్లోళ్లు ఉత్తినే ఆడుకునేదానికి ఒక వస్తువు కొన్నాడు. చరిత్ర అని కష్టాన్ని మాత్రమే దాచిపెడితే, వాళ్లకు సంతోషమే లేదని రేపటి పిల్లోళ్లు అనుకుంటారు. కాబట్టి జాబితాలో ఈ సైకిలును పాత ఇనుములోనుంచి తీసి తాత సైకిలు పక్కన రాయండి. గోడకు కాదు, తొక్కేదానికి. చిన్నాయన కొన్న రోజు తీసిన ఫోటో ఎవరి ఆల్బంలోనైనా ఉంటే పంపండి. స్టిక్కర్లు ఎండకు లేచిపోయినాయి, ఫోటోలో రంగు కనిపిస్తే అదే రంగు వేయిస్తాను. సెలవులకు వచ్చే పిల్లోళ్లకు హ్యాండిల్ ఇచ్చేది నా బాధ్యత.