పాస్‌పోర్ట్ లేని క్రియ

మా టీమ్‌లో సియోల్ నుంచి పనిచేసే ఒకతను ఉన్నాడు. ఓ సోమవారం కాల్ మొదలయ్యే ముందు, వీకెండ్ ఎలా గడిచిందని అడిగాను. "వుయ్ డిడ్ ఎ ట్రావెల్, మై మదర్ అండ్ మీ" అన్నాడు.

ఆ తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుగువాళ్ళకి తేలిగ్గానే అర్థమవుతుంది. కొరియన్‌లో ‘యోహెంగ్’ అంటే ప్రయాణం, ‘హదా’ అంటే చేయడం. మనం సంస్కృతం నుంచి ‘ప్రయాణం’ తెచ్చుకుని ‘చేయు’ తగిలించినట్టే, వాళ్ళు చైనీస్ మూలం ఉన్న మాటకి ‘హదా’ తగిలించుకున్నారు. ఇంగ్లీషు ‘ట్రావెల్’కి అలాంటి తోడు అక్కర్లేదు. పైగా దాని మూలం, శ్రమ, యాతన అనే అర్థమున్న పాత ఫ్రెంచ్ మాట.

కొరియన్లకి అసలు యాతన వ్యాకరణం దగ్గర లేదు. 1883లో గోజోంగ్ రాజు అమెరికాకి పంపిన రాయబార బృందంలో యూ గిల్‌జున్ అనే యువకుడు వెళ్ళాడు, చదువుకోడానికి అక్కడే ఆగిపోయాడు. పడమటి దేశాల గురించి అతను రాసిన ‘సోయు గ్యోన్‌మున్’ 1895లో అచ్చయింది. రాజు పంపితే వెళ్ళిన ప్రయాణం అది. మామూలు మనిషి సరదాగా దేశం దాటడానికి మరో వందేళ్ళు పట్టింది. దక్షిణ కొరియాలో విదేశీ మారకం కరువు, చదువో వ్యాపారమో కారణం చూపించకపోతే పాస్‌పోర్ట్ రాదు. 1983లో తలుపు కొంచెం తెరిచారు: 50 ఏళ్ళు నిండాలి, బ్యాంకులో 20 లక్షల వోన్‌లు ఏడాదిపాటు డిపాజిట్ ఉంచాలి. సియోల్ ఒలింపిక్స్ అయ్యాక, 1989 జనవరి 1న ఆ వయసు అడ్డు పోయింది.

మా వాడి అమ్మ 1970లలో బడిలో ‘ట్రావెల్, ట్రావెల్డ్, ట్రావెల్డ్’ అని బట్టీపట్టిందట. అప్పుడు ఆ క్రియ పరీక్షకి తప్ప దేనికీ పనికిరాలేదు. 1989లో ప్రభుత్వం ఒప్పుకుంది, ఇల్లు ఒప్పుకోలేదు: పిల్లలు, ఫీజులు, అత్తగారి అనారోగ్యం. మొన్న ఒసాకా వెళ్ళడమే ఆవిడ మొదటిసారి దేశం దాటడం. ఎయిర్‌పోర్ట్‌లో ఎందుకొచ్చారని అడిగితే, కొడుకు నోరు తెరిచేలోపే ఆవిడే చెప్పిందట: "ట్రావెల్."

‘డిడ్ ఎ ట్రావెల్’ కాదు, ‘వెంట్ ఆన్ ఎ ట్రిప్’ అనాలని చెబుదామనుకున్నవాణ్ణి, ఊరుకున్నాను. దాదాపు యాభై ఏళ్ళ తర్వాత ఆవిడ ఆ పని నిజంగానే ‘చేసింది’ కదా.