గడి, కొలిమి, సాంచా: జగిత్యాల, సిరిసిల్ల సీమ కథల్లో ప్రతీకలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సీమ కథల్లో ప్రతీకలు చాలామటుకు ఊళ్లో పుట్టినవే. కథకుడు చేతికి తీసుకునే సరికే ఊరు వాటికి అర్థం పెట్టి ఉంచింది.

వాటిలో ముందు చెప్పవలసింది గడి, అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు. దొర ఎదుటికి చెప్పులు చేతబట్టుకుని పోయిన తరాలున్నాయి. కథలో ఒక జీతగాడు గడి ముందు నుంచి చెప్పులు విడవకుండా నడిచిపోతే తిరుగుబాటు గురించి వేరే మాట అక్కర్లేదు. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో వేలాది రైతుకూలీలు జైత్రయాత్ర తీశారు. ఆ రోజుల్లోనే పల్లెలు దొరలను వెలివేశాయి: చాకలి బట్టలుతకలేదు, మంగలి గడ్డం గీయలేదు. అక్టోబరులో ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దొరలు పలువురు పట్నాలకు తరలిపోయారు. ఆ తర్వాత రాసే కథకుడికి తాళం పడ్డ గడి మిగిలింది. భయం నిజంగా పోయిందా, పట్నంలో కూర్చుని అదను చూస్తోందా అన్న సందేహమంతా ఆ తాళంకప్ప మోస్తుంది.

కొలిమి కూడా ఊరి ప్రతీకే. మంథని ప్రాంతానికి చెందిన అల్లం రాజయ్య 1979లో వెలువరించిన నవల పేరు 'కొలిమంటుకున్నది'. నాగటి కర్రు కాల్చి పదును పెట్టేదీ, కొడవలి సాగగొట్టేదీ కొలిమి దగ్గరే కాబట్టి ఆ పేరులో సేద్యమూ ఉంది, పోరాటమూ ఉంది. దీనికి భిన్నంగా కాళీపట్నం రామారావు 'యజ్ఞం' కథ పేరు పురాణాల దిక్కు నుంచి వచ్చి వ్యంగ్యంతో పనిచేస్తుంది. కొలిమికి ఆ వంకర అవసరం పడలేదు. అయితే నవలకు నిప్పు రాజేసే తీరిక ఉంటుంది, కథ ఆ పని ఒకటి రెండు వాక్యాల్లో ముగించాలి.

కోరుట్ల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్ల ఒడిలో చాట, అందులో తునికాకు, కత్తెర, దారం. బి.ఎస్. రాములు 'బతుకుపోరు' నవల ఈ కార్మికుల మీద వచ్చినదే. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. వాటి మోత అలవాటైన చెవికి అది ఆగినప్పుడే వినిపిస్తుంది. అందువల్ల కథలో నిలిచిపోయిన సాంచా అప్పు, ఆకలి, ఒక్కోసారి చావు దాకా సూచించగలదు. ఇదే పదే పదే వాడితే మాత్రం పాఠకుడు ముగింపును ముందే పసిగడతాడు.

గంభీరావుపేట ప్రాంతపు పెద్దింటి అశోక్ కుమార్ 'జిగిరి' నవలలో ఎలుగుబంటిని ఆడించి బతికే ముస్లిం కుటుంబం ఉంటుంది. భూమి మీది ఆశ ఆ జంతువును వదిలించుకోమంటుంది. అక్కడ ఎలుగు ముందు ఎలుగుగానే ఇంట్లో తిరుగుతుంది, తింటుంది, మాలిమి అవుతుంది. పాత జీవనాధారానికి అది గుర్తుగా మారేది ఆ తర్వాతే.