పత్రికా పఠనం, వివేచన: ‘వివేకవర్ధని’ కాలపు ఒక పరిశీలన

వార్తను ప్రశ్నించి చదవడం విద్యార్థులకు నేర్పాలన్న ఆలోచనను నేటి విద్యారంగం ‘మాధ్యమ అక్షరాస్యత’ పేరుతో కొత్త విషయంగా చర్చిస్తున్నది. తెలుగులో దీనికి పూర్వరంగం పత్రికల తొలి దశాబ్దాలలోనే కనిపిస్తుంది. 1870లలో గోదావరీతీరాన ఉపాధ్యాయుడూ సంపాదకుడూ ఒకరే కావడం ఈ సందర్భంలో గమనించదగినది.

కొక్కొండ వేంకటరత్నం పంతులు 1871లో ‘ఆంధ్రభాషాసంజీవని’ని ప్రారంభించారు. 1874లో కందుకూరి వీరేశలింగం ‘వివేకవర్ధని’ని వెలువరించారు. స్త్రీవిద్య విషయంలో ఈ రెండూ ఎదురెదురుగా నిలిచాయి. వాదం ముదిరి పరిహాసానికి దారితీసింది. వీరేశలింగం ‘హాస్యసంజీవని’ని, కొక్కొండ ‘హాస్యవర్ధని’ని నడిపారు. ఒకరి పత్రిక పేరులోని చివరి పదాన్ని రెండవవారు ఎత్తుకొని దానికి ముందు హాస్యాన్ని చేర్చారన్నమాట. సాహిత్యచరిత్రలలో ఈ ఘట్టాన్ని ఇద్దరు పండితుల వ్యక్తిగత స్పర్ధగా చెప్పి విడిచిపెట్టడం పరిపాటి. ఆ దృష్టి చాలదు. ఒకే అంశంపై అచ్చులోనే రెండు విరుద్ధ వాదాలు ఎదురైనప్పుడు, ఏది సబబో తేల్చుకొనే భారం పాఠకునిపై పడుతుంది. అచ్చయినదంతా ప్రమాణం కాదన్న ఎరుకకు ఈ కలహమే తగిన నేపథ్యం.

ఆ ఎరుకను మరింత పదును పెట్టినది ప్రహసనం. ‘హాస్యసంజీవని’లో 1876లో వెలువడిన ‘బ్రహ్మవివాహం’ బాల్యవివాహాన్నీ కన్యాశుల్కాన్నీ ఎత్తిచూపింది; ‘వ్యవహారధర్మబోధిని’ న్యాయస్థానాల చుట్టూ అల్లుకున్న అవినీతిని బయటపెట్టింది. వ్యాసంలో రచయిత తీర్పు చెబుతాడు. ప్రహసనంలో తీర్పు చెప్పే గొంతు లేదు. పాత్రలు మాట్లాడుకుంటాయి, అంతే. పెద్దమనిషి పైకి చెప్పే ధర్మానికీ, బేరం దగ్గర నోట వచ్చే మాటకూ నడుమ ఉన్న దూరాన్ని చదువరి తానే కొలుచుకోవాలి. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరి లాభం కోసం, ఏ మాటను దాచిపెడుతున్నారు అన్న ప్రశ్నలు ఆ పఠనంలో సహజంగానే పుడతాయి. పాత్రలు వ్యావహారికంలో మాట్లాడడం ఇందుకు తోడ్పడింది. గ్రాంథికంలో పలికిన మోసం కొంత గౌరవం సంపాదించుకుంటుంది. ఇంటిభాషలో పలికితే దాని నిజరూపం దాగదు.

వీరేశలింగం తరువాత రాజమహేంద్రవరంలో తెలుగు పండితునిగా పనిచేశారు. 1881 డిసెంబరు 11న జరిగిన తొలి వితంతు వివాహానికి ఆయన విద్యార్థులు అండగా నిలిచారు. దీనిని పూర్తిగా పత్రికాపఠన ఫలితమని చెప్పలేము. గురువుపై భక్తి కూడా అందులో ఉంది. చిక్కు అక్కడే ఉన్నది. ప్రతిపక్షాన్ని శంకించడం నేర్పిన పత్రిక, తనను శంకించడం కూడా నేర్పిందా? ‘వివేకవర్ధని’ సంస్కరణపక్షం వహించిన పత్రిక. తటస్థతను అది కోరుకోలేదు. దాని మాటను పరీక్షకు పెట్టే పనిని, తాను ఉద్దేశించకపోయినా, కొక్కొండ పత్రికే నిర్వహించింది. పూర్వాచారపక్షం వహించిన పత్రికను చరిత్ర రచనలో కేవలం అడ్డంకిగా చూపడం వల్ల ఈ సంగతి మరుగునపడింది.

మరొక పరిమితి శీర్షికలలోనే కనిపిస్తుంది. వీరేశలింగం 1883లో స్త్రీల కోసం ‘సతీహితబోధిని’ని ప్రారంభించారు. చదువుకున్న పురుషులు ప్రధాన పాఠకులైన పత్రిక పేరులో ‘వివేకం’ ఉన్నది. స్త్రీల పత్రిక పేరులో ‘హితబోధ’ ఉన్నది. మొదటివారికి వాదం అందింది, రెండవవారికి ఉపదేశం అందింది.