అంగారకుడి దారిలో తొలి వైఫల్యాలు: ఆచూకీ దొరికితేనే దిద్దుబాటు

అంగారక గ్రహం దిశగా 1960 నుంచి 1964 వరకు ఎనిమిది వ్యోమనౌకలను ప్రయోగించగా, లక్ష్యాన్ని సాధించింది ఒక్కటే. విఫలమైన ఏడింటిలో నాలుగు భూకక్ష్యను కూడా దాటలేకపోయాయి.

సోవియట్ యూనియన్ 1960 అక్టోబర్ 10, 14 తేదీల్లో ప్రయోగించిన రెండు నౌకలు రాకెట్ లోపాలతో కక్ష్యకు చేరకుండానే కూలిపోయాయి. 1962 అక్టోబర్ 24, నవంబర్ 4 తేదీల్లో పంపినవి భూకక్ష్యలోనే ఆగిపోయాయి. వాటి మధ్య నవంబర్ 1న బయలుదేరిన ‘మార్స్-1’తో 1963 మార్చి 21న సంబంధాలు తెగిపోయాయి. అప్పటికి అది భూమికి 10 కోట్ల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. 1964 నవంబర్ 30న ప్రయోగించిన ‘జోండ్-2’ కూడా మార్గమధ్యంలో మూగబోయింది.

అమెరికా 1964 నవంబర్ 5న ప్రయోగించిన ‘మారినర్-3’కు రక్షణ కవచం ఊడిపోలేదు. సౌరఫలకాలు విచ్చుకోక, బ్యాటరీలు అడుగంటి నౌక నిర్జీవమైంది. అయితే నౌక పంపిన సంకేతాలను బట్టి ఇంజినీర్లు లోపాన్ని గుర్తించి, లోహంతో కొత్త కవచాన్ని రూపొందించారు. ఫలితంగా అదే నెల 28న బయలుదేరిన ‘మారినర్-4’ 1965 జులైలో అంగారకుడిని సమీపించి, ఆ గ్రహపు తొలి సమీప చిత్రాలను పంపింది. అంగారక యాత్రకు అనువైన సమయం దాదాపు 26 నెలలకు ఒకసారే వస్తుంది. ఆ మూడు వారాల్లో లోపం బయటపడకుంటే రెండేళ్లకు పైగా నిరీక్షించవలసి వచ్చేది.

రాకెట్‌ను ప్రతి దశలోనూ గమనించడం ఎంత అవసరమో భారత తొలి అంగారక యాత్రలోనూ వెల్లడైంది. శ్రీహరికోట నుంచి ఎగిరే రాకెట్లు బంగాళాఖాతం మీదుగా సాగుతాయి. వాటి సంకేతాలను అందుకునే ఇస్రో కేంద్రాల్లో ఒకటి చౌల్దారీ గ్రామం ఉన్న దక్షిణ అండమాన్ దీవిలోనే, పోర్ట్ బ్లెయిర్ (నేటి శ్రీ విజయపురం)లో ఉంది. పీఎస్‌ఎల్‌వీ-సీ25 మూడో దశ ముగిశాక నాలుగో దశ మండేందుకు సుమారు 25 నిమిషాల విరామం ఉంది. ఆ దశ దక్షిణ పసిఫిక్‌పై, భూకేంద్రాలకు అందని చోట మండవలసి ఉండగా, అక్కడికి ‘నలంద’, ‘యమున’ నౌకలను పంపారు. ప్రతికూల వాతావరణం వల్ల నలంద ఆలస్యం కావడంతో, 2013 అక్టోబర్ 28న జరగవలసిన ప్రయోగాన్ని నవంబర్ 5కు వాయిదా వేశారు. ఆ రోజు మధ్యాహ్నం 2.38 గంటలకు బయలుదేరిన మంగళయాన్ 2014 సెప్టెంబర్ 24న అంగారక కక్ష్యలో ప్రవేశించింది.