జగ్గయ్యపేట కంటే ముందు ఆ ఊరి పేరేంటి?

పాలేరు దగ్గరి జగ్గయ్యపేట పాత పేరు బేతవోలు. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టాడు. పేర్ల చివర్లు చూడండి. 'వోలు' అంటే ప్రోలు, పాతకాలపు మాటలో ఊరు. మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలులో ఉన్నదీ అదే. 'పేట' అంటే బజారుతో పెరిగిన చోటు.

మరి బేతవోలు కంటే ముందు? దానికి ఊరి పక్కన గుట్ట ఎక్కాలి. జనం దాన్ని ధనబోడు అంటారు. ధనం సంగతేమో గానీ, అక్కడున్నది బౌద్ధ స్తూపం. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వకాలకు వచ్చేసరికే చాలా రాళ్లు జనం పట్టుకుపోయారు. మిగిలిన స్తంభాల మీద ప్రాకృత శాసనం దొరికింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ ఏట, అంటే 3వ శతాబ్దంలో, సిద్ధార్థుడనే శిల్పి 5 ఆయక స్తంభాలు నిలబెట్టాడట. అందులో ఈ చోటి పేరు వెలగిరి!

ఆ రాళ్లు కూడా పోయుంటే? వెలగిరి అనే పేరే మనకి తెలిసేది కాదు. మీ చేల పేర్లు, వాగు మలుపుల పేర్లు ఏ రాతి మీదా లేవు, మ్యాప్‌లోనూ లేవు. ఈ పండక్కి ఊరెళ్తే తాతయ్యని పొలం గట్టు మీద నడిపిస్తూ ఒక్కో పేరూ అడగండి. ఫోన్‌లో రికార్డింగ్ మాత్రం ముందే ఆన్ చేయండి.