కిరీటానికి ముందు నూనె



1953 జూన్ 2న లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబ్బే దేవాలయంలో రెండవ ఎలిజబెత్ రాణికి పట్టాభిషేకం జరిగింది. లక్షలాది మంది దానిని టెలివిజన్‌లో చూశారు. ఒక ముఖ్య ఘట్టాన్ని చూపించలేదు. అది కిరీటం పెట్టడం కాదు, నూనెతో అభిషేకించడం.

రాణి రాజవస్త్రాన్ని, నగలను తీసివేసి, సాదా తెల్లని వస్త్రంతో కూర్చుంది. నలుగురు ఆమెపై పందిరి పట్టారు. కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు ఆమె చేతులను, రొమ్మును, తలను అభిషేకించాడు. కిరీటం ఆ తర్వాతే.

ఈ ఆచారం వెనుక యాజకుడైన సాదోకు సొలొమోనును అభిషేకించిన సంగతి ఉంది (1 రాజులు 1:39). దానినే హాండెల్ 1727లో రెండవ జార్జి పట్టాభిషేకానికి కీర్తనగా స్వరపరిచాడు. అప్పటినుండి ఆ దేశంలో ప్రతి పట్టాభిషేకంలో దానిని పాడుతున్నారు.

1649లో మొదటి చార్లెస్ రాజును చంపిన తర్వాత పార్లమెంటువారు పాత కిరీటాన్ని కరిగించారు. అభిషేకపు నూనె పోసే 12వ శతాబ్దపు వెండి చెంచా మాత్రం మిగిలింది. 2023లో మూడవ చార్లెస్ అభిషేకానికీ దానినే వాడారు. కిరీటం కరిగింది, చెంచా నిలిచింది!

ప్రియులారా, సంఘ పెద్దల ఎన్నిక వస్తే కుర్చీ కోసం, మైకు కోసం మాటలు మానుకున్న కుటుంబాలు మన మధ్య లేవా? దావీదు అభిషేకం పొందాక కూడా గొర్రెల దగ్గరే ఉన్నాడు (1 సమూయేలు 16:19). ఎవరూ చూడని చోట దేవుడు మనలను సిద్ధపరుస్తాడు. కుర్చీ అడిగేముందు ఆ చోటు అడుగుదాం.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.