తెరచాపలు – అభయ శాసనం

2016 ఫిబ్రవరిలో విశాఖ తీరాన అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష జరిగింది. సుమారు యాభై దేశాల నావికాదళాలు పాల్గొన్న ఆ సంబరంలో, ఉక్కు యుద్ధనౌకల నడుమ మన తరంగిణి, సుదర్శిని తెరచాపలెత్తి సాగాయి. చూడవచ్చిన జనానికి అదొక వింత. తెలుగు తీరానికి మాత్రం పాత చుట్టరికమే.

శాతవాహనుల నాణేలపై రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉన్నది. కాకతీయుల నాటికి మోటుపల్లి పేరుపొందిన రేవు. గాలివానకు ఒడ్డుకు కొట్టుకువచ్చిన పరదేశపు ఓడల సరుకును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకొనేవారు. గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లిలో అభయ శాసనం వేయించి ఆ ఆచారాన్ని మాన్పించాడు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటేవానికి ధనం ప్రాణంకంటె మిన్న అని తలచి, నియమిత సుంకం తప్ప తక్కినదంతా అతనిదే అన్నాడు. ఆ సుంకం ముప్పయ్యవ వంతు. తరువాత ఆ శతాబ్దంలోనే మార్కోపోలో ఈ రాజ్యాన్ని గురించి వ్రాస్తూ, ఏలిన రాణి న్యాయబుద్ధిని మెచ్చుకున్నాడు.

ఇక్కడ అల్ ఖర్జ్‌లో ఖర్జూర తోటలే గాని సముద్రం కనబడదు. మనం వచ్చింది విమానాలలో. అయినా ఊరు విడిచినవాడు కోరేది నాటికీ నేటికీ రెండే: ప్రాణానికి రక్ష, కష్టార్జితం తనదిగా మిగలడం. మన పిల్లలకు ఓడ బొమ్మతోపాటు ఈ శాసనం కథ కూడా చెబుదాం. రేపు మన ఊరికి పొట్ట చేతబట్టుకొని వచ్చే పరాయివాణ్ణి ఎలా ఆదరించాలో వారికి తెలియాలి కదా!